అట్ట మీద నిలబడ్డ పిల్ల

ఆగస్టు 5, సోమవారం

సైన్స్ మేడం ఇవాళ నా లైబ్రరీకి కొత్త పని తగిలించింది. ఆగ్మెంటెడ్ రియాలిటీ అట. పలకడానికి నాకు రెండు నాలుకలు కావాలి. పిల్లలు చదివిన పుస్తకం గురించి చెబుతుంటే మనం వీడియో తీసి యాప్‌లో ఎక్కించాలి. తర్వాత ఆ పుస్తకం అట్ట మీద టాబ్లెట్ పట్టుకుంటే చాలు, ఆ పిల్లో పిల్లాడో అట్ట మీద జానెడు ఎత్తున నిలబడి మాట్లాడతారు. టాబ్లెట్లో చూస్తేనే ఉంటారు. పక్కకి తీస్తే వట్టి పుస్తకం. యాప్ ఫ్రీ.

ఫ్రీ అనగానే మా ఆయన కళ్లజోడు సర్దుకుని, మెలిక ఎక్కడుందో చూసుకోమన్నారు. ఉంది. మొత్తం ఇరవై అట్టలే. అట్టకి ఒకటే వీడియో, అదీ ఒక్క నిమిషం. అందరూ కలిసి నెలకి రెండు వందల సార్లు చూడొచ్చు, ఆ పైన మళ్లీ ఒకటో తారీకే. మన పుస్తకాల మొహం నెలకి రెండు వందల సార్లు ఎవరు చూస్తారండీ అన్నాను. పంతొమ్మిదేళ్లుగా లైబ్రేరియన్‌ని, నాకు తెలియదా.

ఆగస్టు 9, శుక్రవారం

షూటింగ్. వెనక ఆకుపచ్చ గుడ్డ కడితే అది మాయమై మనిషి మాత్రం మిగులుతారట. ఇంట్లోంచి పచ్చ దుప్పటి పట్టుకెళ్లాను. మరి నేనేం కప్పుకోవాలని మా ఆయన అడిగారు. దేశం కోసం ఓర్చుకోమన్నాను.

నాలుగో తరగతి వసపిట్ట, మేకపిల్ల రైలెక్కిన కథ చెప్పింది. నిమిషం ఇస్తే నాలుగు నిమిషాలు వాయించింది. నేను కత్తెర వేశాను. మధ్యలో దుప్పటి జారిపోతుంటే దాని స్నేహితురాలు పట్టుకుని నిలబడింది. ఆ పిల్లకి నేను పెట్టిన పేరు నీడ. ఎప్పుడూ వసపిట్టకి రెండడుగుల వెనక ఉంటుంది, నోరు విప్పదు. ఇద్దరి మాటలూ వసపిట్టే మాట్లాడేస్తుంది.

వీడియోలో దుప్పటి మాయమైంది గానీ దాన్ని పట్టుకున్న వేళ్లు మిగిలిపోయాయి. వసపిట్ట చెవి పక్కన గాలిలో నాలుగు వేళ్లు! మళ్లీ తీద్దామన్నాను. సైన్స్ మేడం పొట్ట పట్టుకుని నవ్వుతూ వద్దంది. ఉండనిచ్చాను.

ఆగస్టు 30, శుక్రవారం

వసపిట్ట వాళ్ల నాన్నకి బదిలీ అయింది. టీసీ తీసుకుని వెళ్లిపోయారు. ఇన్నాళ్లూ దాని నోరు మూయించలేక నా నోరు నొప్పి పుట్టింది. ఇవాళ లైబ్రరీ నిశ్శబ్దంగా ఉంది. నాకేం బాగాలేదు.

సెప్టెంబర్ 12, గురువారం

రెండు వందలూ అయిపోయాయి! ఇంకా పన్నెండో తారీకే. ఏ అట్ట మీద పెట్టినా ఒక్కళ్లూ లేవడం లేదు. ఇది ఏడో తరగతి మగపిల్లల పనేనని నాకు వెంటనే తెలిసిపోయింది. వాళ్లని వరసగా నిలబెట్టి ఉతికి ఆరేశాను. తల్లి మీద ఒట్టు మేడం, మేం కాదన్నారు. ఇంకా నాలుగు వడ్డించాను.

సాయంత్రం సైన్స్ మేడం యాప్‌లో లెక్క తెరిచి చూపించింది. ఏ అట్టని ఎన్నిసార్లు చూశారో ఉంటుందట. మేకపిల్ల పుస్తకం: నూట అరవై మూడు.

సెప్టెంబర్ 13, శుక్రవారం

అన్నం బెల్ కొట్టాక చప్పుడు చేయకుండా కిటికీ దగ్గర నిలబడి చూశాను. నీడ. మూలబల్ల మీద మేకపిల్ల పుస్తకం, దాని మీద టాబ్లెట్. ఏమీ రావడం లేదు. అయినా పట్టుకునే కూర్చుంది. టిఫిన్ బాక్సు పక్కనే ఉంది, మూత తీయలేదు.

తిడదామనే లోపలికి వెళ్లాను. నన్ను చూసి టాబ్లెట్ కింద పెట్టి, ఒకటో తారీకు ఇంకా ఎన్ని రోజులుంది మేడం అని అడిగింది. పద్దెనిమిది అన్నాను. తల ఊపింది. నాకు తిట్లు గుర్తురాలేదు.

పోనీ ఆ వీడియో మీ అమ్మ ఫోన్లో పెట్టనా అన్నాను. వద్దంది. ఫోన్లో అయితే ఫోన్లోనే ఉంటుందట, ఇక్కడైతే మన బల్ల మీద నిలబడుతుందట. పాయింటే.

సాయంత్రం నీడ వాళ్లమ్మని గేటు దగ్గర పట్టుకుని, వసపిట్టతో ఫోన్లో మాట్లాడించకపోయారా అన్నాను. మాట్లాడించారట. ఈ పిల్ల ఫోను చెవికి పెట్టుకుని, అవతల అడిగినదానికల్లా తల ఊపిందట.

ఏడో తరగతికి వెళ్లి క్షమాపణ చెప్పాను. వాళ్లు పెద్దమనుషుల్లాగా ఫర్వాలేదు మేడం అన్నారు. వెధవలు.

అక్టోబర్ 1, మంగళవారం

తలుపు తీసేసరికే వరండాలో నీడ ఉంది. రోజుకి రెండు సార్లే అని రూల్ పెట్టాను. మూడోది అడగదు. అడక్కుండా అక్కడే నిలబడుతుంది. మూడోది ఇస్తాను.

అక్టోబర్ 16, బుధవారం

వసపిట్ట చేరిన స్కూల్లో లైబ్రేరియన్ ఫోన్ చేసింది. మా పాత లైబ్రరీలో నేను పుస్తకంలోంచి పైకొస్తాను అని ఇది అక్కడ క్లాసులో చెప్పిందట. అందరూ కోతలరాణి అని ఏడిపించారట. నెల నుంచీ ఎవరితోనూ మాట్లాడటం లేదట. వసపిట్ట! మాట్లాడటం లేదట! నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అది చెప్పింది అక్షరాలా నిజమండీ అన్నాను.

ఆ మేకపిల్ల పుస్తకం మా దగ్గర కూడా ఉందండీ అంది ఆవిడ. ఎక్కడి కాపీ అయినా అట్ట అదేగా. నాకు ఇన్నాళ్లూ తట్టనేలేదు. యాప్ వేసుకుని మా లైబ్రరీ పేరు కొట్టి, అట్ట మీద ఫోన్ పట్టమన్నాను. లైన్లోనే పిల్లల కేకలు వినిపించాయి.

గంట తర్వాత మళ్లీ చేసింది. క్లాసంతా నోళ్లు వెళ్లబెట్టిందట. వసపిట్ట మాత్రం తన బొమ్మని చూసుకోలేదట. చెవి పక్కన గాలిలో ఉన్న ఆ నాలుగు వేళ్లనే చూపించి, ఇది నా ఫ్రెండ్ అని అందరికీ చెప్పిందట.

అక్టోబర్ 17, గురువారం

నీడకి అంతా చెప్పాను. అక్కడ దానికి నీ వేళ్లే కనిపిస్తున్నాయి, నిన్ను వీడియో తీసి పంపిద్దామా అన్నాను. కళ్లు ఇంతింత చేసింది. ఇరవై అట్టలూ నిండిపోయాయి గానీ, వాటిలో ఒకటి గోడ మీది నియమాల బోర్డుకి వాడి అక్కడ నేనే నిలబడి ఉపన్యాసం ఇస్తున్నాను కదా, నన్ను పీకేసి, ఇంకేదైనా బొమ్మ మీద నిన్ను పెట్టి ఆ బొమ్మ పోస్టులో పంపుతానన్నాను. వద్దంది. ఈ పుస్తకం ఇద్దరం కలిసి చదివాం, తను ఇందులోనే వెతుకుతుందంది.

ఇందులో అంటే వసపిట్ట పోతుంది. ఒక అట్టకి ఒకటే. అది కూడా విప్పి చెప్పాను. చెప్పకుండా చేస్తే నేను దొంగనవుతాను. పోనీ వారం నువ్వు, వారం తను, మార్చి మార్చి పెడతానన్నాను. తను చూడ్డానికొచ్చిన రోజు నేను లేకపోతే ఎలా మేడం అంది.

పోయిన నెల పదమూడో తారీకున వట్టి అట్ట మీద టాబ్లెట్ పట్టుకుని కూర్చున్న పిల్ల అది. దానికి తెలిసినంత నాకు తెలియదు.

అక్టోబర్ 18, శుక్రవారం

వసపిట్ట వీడియో తీసేసి తనది పెట్టడానికి నీడ సరే అంది. తీసేసే ముందు ఇంకోసారి చూస్తానంది. ఎన్నిసార్లు చూసిందో తను లెక్కపెట్టలేదు. నేనూ లెక్కపెట్టలేదు.

అక్టోబర్ 19, శనివారం

మళ్లీ పచ్చ దుప్పటి. ఏడో తరగతి వాళ్లు ఇద్దరు చెరో కొసా పట్టుకున్నారు. నీడ మధ్యలో నిలబడింది. కెమెరా మొదలుపెట్టాను. పది సెకన్లు, ఇరవై, ముప్పై. మాట లేదు. చేతులు వెనక కట్టుకుని కెమెరా వైపు చూస్తోంది. ఆపేద్దామని వేలు పెట్టబోతే సైన్స్ మేడం నా మణికట్టు పట్టుకుంది. నలభై దాటాక నీడ ఒక అడుగు ముందుకి వేసి, అన్నం తిన్నావా అని అడిగింది. అంతే. మిగతా సమయమంతా జవాబు వింటున్నట్టు నిలబడింది.

పాతది తీసేయాలా అని యాప్ నన్ను రెండుసార్లు అడిగింది. రెండోసారి నొక్కడానికి నా వేలు ఆడలేదు. నీడే నొక్కింది.

ఇంటికొచ్చి ఏడ్చాను. మా ఆయన దుప్పటి మడతపెట్టుకుంటూ, ఏమైందని అడగకుండా టీ పెట్టారు. ఇలాంటప్పుడు మంచివారే.

అక్టోబర్ 22, మంగళవారం. ఒంటిగంట పది

ఆ స్కూల్ లైబ్రేరియన్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వసపిట్ట అట్ట మీద నీడని చూసిందట. తిన్నాను, నువ్వు తిన్నావా అని అట్టనే అడిగి, అక్కడే నిలబడి ఉందట. జవాబు చెప్పేదాకా క్లాసుకి రాదట. ఏం చేయమంటారు అంటోంది ఆవిడ.

ఫోన్ పట్టుకుని మూలబల్ల దగ్గరికి వెళ్లి అడిగాను. నీడ తల ఊపలేదు. ఇప్పుడే తింటున్నానని చెప్పండి మేడం అని, బాక్సు మూత తీసింది.