బస్టాండు నాటకం, వెనక గది

ధర్మపురి, 12-3-2005

తమ్ముడు లక్ష్మణకు అక్క దీవెనలు. నేను వీధినాటకంలో వేషం కట్టానని అమ్మ బెంగపడవద్దు, దేవుడే పంపించాడు.

నిన్న బస్టాండు దగ్గర ఆడాము. మొగుడి వేషంలో మా జట్టు పిల్ల మోహనప్రియ మీసం తిప్పి, "పెండ్లాన్ని కొట్టమని శాస్త్రమే చెప్పింది" అనగానే నాకు మండిపోయింది. నాటకంలో నాకిచ్చిన మాటలు వదిలేసి, సంచిలోని పురాణం తీసి, "ఏ పుటలో ఉందిరా? చూపించు!" అని గర్జించాను. జనం ఒకటే చప్పట్లు! గుంపులోంచి అంజలై అనే కూలి మనిషి వచ్చి వాతలు చూపించి, "మా ఇంటాయన్ని గూడా ఇట్లే అడుగక్కా" అన్నది. ఈ పొద్దున వాళ్ళింటికి పోయి అడిగాను. తలుపు మూసుకున్నాడు.

ఆమెను, ఆమె చంటిబిడ్డను శుక్రవారం మన ఇంటికి తెస్తున్నాను. వెనక గదిలోని వేరుశనగ మూటలు తీసెయ్. ఎర్రావు ఈనిందా? బిడ్డకు పాలు కావాలి. అమ్మకు దండాలు. ఆ గది తలుపుకు లోపలి గడియ మాత్రం మరవకుండా పెట్టించు.

అక్క కెంపమ్మ