మాట ఇవ్వని టీచరు

సుగుణక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ముదిగుబ్బలో మన సండే స్కూలుకు కొత్తగా వచ్చిన టీచర్లకు ఈసారి శిక్షణ నేనే ఇచ్చాను. "ఎవరికీ చెప్పొద్దు" అని బిడ్డ అడిగితే ఒప్పుకోకూడదన్నదే మొదటి నియమం. కారణం అడిగారు. నీ పేరు చెప్పలేదు. మందిరంలో పాపకిచ్చిన మాట తప్పకూడదని ఒక టీచరు మౌనంగా ఉండిపోయిందనీ, ఆ పాప చివరికి ఎండిన బావిలో దొరికిందనీ మాత్రం చెప్పాను.

నెల తిరగకముందే ఆ నియమం అవసరపడింది. అమ్మానాన్నలు బెంగళూరుకు కూలికి పోవడంతో మామ ఇంట్లో ఉంటున్న తొమ్మిదేళ్ల రూతు, ఆదివారం పాటలయ్యాక కొత్త టీచరు దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఒకటి చెప్తా. యేసయ్య తోడు, ఎవురికీ చెప్పగూడదు."

"ఆ మాట ఇయ్యలేనమ్మా. నిన్ను కాపాడేవాళ్లకు చెప్తా."

"అట్లయితే ఏం లేదులే, పో."

ఆరాధన ముగిసేదాకా రూతు చాప మీద గోడవైపు తిరిగి కూర్చుంది. నువ్వెందుకు మాట ఇచ్చావో ఆ రెండు గంటల్లో నాకు అర్థమైంది, అక్కా.

చివరకు తానే వచ్చి, గౌను చెయ్యి పైకి లాగి, వాతలు చూపించింది. అదే రోజు పిల్లల సంరక్షణ అధికారులకు తెలిపాము. జీపు ఎక్కిస్తుంటే ఏడ్చింది.

"చెప్పొద్దంటి కదక్కా! మా మామ మా నాయన్ని ఏమన్నా చేస్తే?"

ఇప్పుడు బాలికల వసతిగృహంలో ఉంది. మేము చూడటానికి వెళితే మొహం తిప్పుకుంటుంది. తిప్పుకోనీ అక్కా. తిప్పుకోవడానికి బతికి ఉంది.