తీర్పులో లేని గోరి

సదాశివనగర్,
7 జూలై 2012

బషీర్ భాయ్‌కి సలాం.

ఎల్లారెడ్డిలో మీరంతా బాగున్నారనుకుంటాను. నేను కౌలు కేసు గెలిచినప్పటి నుంచి మన మధ్య మాటల్లేవు. ఫోన్ చేయడానికి ధైర్యం చాలక రాస్తున్నాను.

ఇన్నేళ్లు మీ దగ్గర కౌలుకు దున్నిన పొలం ఇక నాదేనని, మీరెవరూ అందులో అడుగుపెట్టకూడదని కోర్టు చెప్పింది. మూలనున్న మీ అబ్బాజాన్ గోరి మాట మాత్రం తీర్పులో ఎక్కడా లేదు. నిన్న ట్రాక్టర్ మోతీలాల్ "గోరి దాక దున్నాల్నా, ఇడిసిపెట్టాల్నా?" అని అడిగితే ఇంజన్ ఆపించాను. "గోరి కాడికి తొవ్వ ఇచ్చినవంటే రేపు అప్పీలుల గదే పట్టుకుంటరు" అని మా వకీలు కోప్పడుతున్నాడు. ఇటు చూస్తే మక్కలు వేసే అదను దాటిపోతోంది.

మొన్న షబేబరాత్ పండుగకు ఎప్పటిలాగే సున్నం బకెట్, పూలు పట్టుకుని వస్తారని పొద్దుగూకే దాకా గట్టు మీద ఎదురుచూశాను. మీరు రాలేదు. కోర్టు మాటకు మీరింతగా కట్టుబడతారని నేననుకోలేదు!

చివరికి గడ్డి పీకి, సున్నం వేసి, ఊదుబత్తీలు నేనే వెలిగించాను. ఆ తర్వాత ఏం చదవాలో తెలియక ఊరికే నిలబడ్డాను.

ఆ చదవాల్సిందేదో మీరొచ్చి చదవండి. అప్పటిదాకా నేను దున్నలేను. మీ వకీలుకు చెప్పకండి, నేనూ మా వకీలుకు చెప్పను.

ఇట్లు,
మీ కౌలుదారు