అమ్మను మింగేసిన టాపర్

అక్కా,

పరుపుల సంగతిలో ఈ ఊళ్లో నన్ను మించినవాడు లేడు. కాకపోతే అమ్మ పరుపు మీద పరచడానికి నేను ఏరికోరి తెచ్చిన ఫోమ్ మెత్త, అదే టాపర్, పొద్దున్నే అమ్మను మింగేసింది. ఊబిలో ఏనుగునైనా లాగొచ్చు గానీ, అందులోంచి అమ్మను లేపేసరికి నా తాతలు దిగొచ్చారు.

దాన్ని మార్చుకురావడానికి షాపుకు వెళ్తున్నా. అమ్మ పాత పరుపు మీదే పడుకుంది. ఆపరేషనైన నడుము, తనంతట తాను లేవనివ్వకు. పక్కకు తిప్పి, కాళ్లు కిందికి దించాకే లేపు. వేడినీళ్ల బ్యాగు కుర్చీలో పెట్టాను.

తప్పంతా షాపువాడిదే. గట్టిది అడిగితే మెత్తది అంటగట్టాడు.

ఇంతవరకు చదివి వినిపిస్తే అమ్మ, "అక్కకు నిజం రాయరా, వెధవా" అంది. సరే. అమ్మను తీసుకెళ్లి పడుకోబెట్టి చూడమన్నావు కదా, తీసుకెళ్లలేదు. నేనే పడుకుని చూశాను. హాయిగా నిద్రపట్టేసింది, అదే కొన్నాను.

ఇంకొకటి. పొద్దున అమ్మ లేవలేకపోతున్నానని పిలిస్తే, మంచం దిగలేనంటూ రోజూ నేను ఆడే నాటకమే తనూ ఆడుతోందనుకుని గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాను. దగ్గరికెళ్లి చూస్తే ఏడుస్తోంది. ఈ ముక్క చదివి వినిపించడానికి నాకు నోరు రాలేదు.