నీ చోట నిలబడ్డ మనిషి

అక్కా,

మీ పెర్త్‌లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ స్టేట్ లీగ్ సీజన్ నిన్నటి ఫైనల్‌తో అయిపోయింది. నువ్వు చనిపోయిన నెల రోజులకి మొదలైంది. ఇక్కడ అమెరికాలో, బెంటన్‌విల్‌లో కూర్చుని అన్ని మ్యాచ్‌లూ రికార్డింగుల్లో చూశాను. ఆ ఆట నాకిప్పటికీ అర్థం కాదు. నువ్వు గోల్‌పోస్టుల వెనక నిలబడే గోల్ అంపైర్‌వి కాబట్టి, గోల్ పడితే రెండు జెండాలు ఊపుతారని మాత్రం తెలుసు. ఇప్పుడు నీ చోట ఎవరో పెద్దాయన నిలబడుతున్నాడు. మ్యాచ్ అంతా ఆయన్నే చూసేవాణ్ణి.

ఇవాళ పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతుంటే నీ మరదలు స్వప్న అడిగింది. “ఫైనల్ చూశావుగా, ఎవరు గెలిచారు?”

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

“ఆయన జెండాలు బాగానే ఊపాడు,” అన్నాను.

స్వప్న నా చేతిలోంచి కారు తాళాలు తీసుకుంది.

“ఇవాళ నేను డ్రైవ్ చేస్తాలే,” అంది.

నీ తమ్ముడు