కొలిమి ధూళి చల్లిన ఆకుకూర

ప్రియమైన నీకు,

క్షేమంగా చేరి మళ్లీ ఉక్కు ఫ్యాక్టరీ పనిలో పడ్డాను. జింకు పూత ఉన్న పాత రేకులు లారీలకు లారీలు దిగుతున్నాయి. కొలిమిలో పడగానే పూత కాలి పొగై లేచి, గొట్టాల్లోంచి వెళ్లి, పొగను వడగట్టే సంచుల్లో ధూళిగా పడుతుంది. ఆ సంచులు దులపడమే నా పని.

ఒక మాట. మేడ మీది ఆకుకూర కొన్నాళ్లు తినకు. ఎందుకని అడక్కు.

ఎప్పటికీ నీవాడు

*

ప్రియమైన శ్రీవారికి,

బాగుంది మీ వరస. సెలవుకొచ్చినప్పుడు ఆ ధూళి సంచిడు మోసుకొచ్చి కుండీల్లో చల్లి, "జింకు మొక్కలకి బలం, చూస్తుండు" అని వీధంతా చాటింది ఎవరు? తీరా ఏపుగా పెరిగాక తినొద్దంటారు. నా వంట మీద కోపమైతే నేరుగా చెప్పండి.

సరే, ముట్టుకోవడం లేదు. వృథా పోనివ్వడమూ లేదు, బెంగపడకండి.

మీ మాట జవదాటని ఇల్లాలు

*

ప్రియమైన నీకు,

నీ వంట మీద కోపం కాదు. దాచింది చెప్పేస్తున్నాను.

ఇక్కడికి రాగానే మేస్త్రీని ఇంకో సంచి అడిగాను, మొక్కలకని. ఆయన తల పట్టుకున్నాడు. "ఒరే, పాత ఇనుముతో వచ్చిన సీసం కూడా ఆ ధూళిలోనే చేరుతుంది. తిండిలో కలిస్తే విషం. పిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ మరీను" అన్నాడు.

వీధంతా గొప్పలు పోయిన నోటితో ఎలా చెప్పను? సిగ్గేసింది. నువ్వు తినకపోతే చాలనుకుని సగమే రాశాను. తినలేదన్నావు, అదే పదివేలు. ముక్కుకు గుడ్డ కట్టుకుని మొక్కలూ మట్టీ మూటగట్టి పెట్టు. నేనొచ్చి తీసుకెళ్తాను.

నీ తెలివితక్కువవాడు

*

ఏమండీ,

నేను ఒక్క ఆకూ తినలేదు. మీదేదో చాదస్తం అనుకున్నాను. పారెయ్యడానికి మనసొప్పక, మీ మొదటి ఉత్తరం అందిన నాటి నుంచీ కోసి పక్కింటి అమ్మాయికి ఇస్తున్నాను. తనకి నాలుగో నెల. ఏం తిన్నా వాంతే, ఆ ఆకుకూర ఒక్కటే ఇముడుతోందని ఇష్టంగా తినేది.

మీ ఉత్తరం నేనే తనకి చదివి వినిపించాను. రేపు రక్తపరీక్షకి తీసుకెళ్తున్నాను.

తను తిట్టలేదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని కూర్చుంది. "అన్నయ్య ఈ ముక్క మొదటి ఉత్తరంలోనే రాసుంటే ఏం పోయేది వదినా?" అని మాత్రం అడిగింది.

బయలుదేరి రండి, ఆ జవాబు మీరే చెబుదురుగాని.

మీ ఇల్లాలు