గుహ చూడ్డానికి బయల్దేరే ముందు

అబ్బాయికి పెదనాన్న రాసేది. నా కోడిగీతలు చూసి నవ్వకు. ఇది ఇంకొకరి చేత రాయించే సంగతి కాదు.

ఆదివారం అడవిలో గుహ చూడ్డానికి పిల్లలతో వెళ్తున్నానని, నన్నూ కారులో తీసుకెళ్తానని కబురు పెట్టావు. ఆ గుహలో మెట్లు చెక్కిన కూలీల్లో నేనూ మీ నాన్నా ఉన్నాం. నీకప్పుడు రెండేళ్లు. మీ నాన్న మిమ్మల్ని వదిలేసి పారిపోయాడని మీ అమ్మకు చెప్పింది నేనే. అది అబద్ధం.

మేము చెప్పులు గుహ బయట విడిచి లోపలికి వెళ్లేవాళ్లం. వచ్చినవాడు తనవి తొడుక్కునేవాడు. మందు పేల్చే ముందు మేస్త్రీ ఆ చోటే చూసేవాడు. అక్కడ చెప్పులు లేకపోతే లోపల మనిషి లేనట్టే. ఆ రోజు మీ నాన్న చెప్పు తెగింది. కుట్టి పెడదామని జత మొత్తం నేను తీసుకున్నాను.

"తమ్ముడి చెప్పులు మోసే అన్నను నిన్నే చూశాను," అని నవ్వుతూ లోపలికి పోయాడు.

నేను చెట్టు కింద కుడుతూ ఉండగానే మేస్త్రీ పేల్చేశాడు.

"బయటికి పొక్కితే నువ్వూ జైలుకెళ్తావు. పారిపోయాడని చెప్పు," అన్నాడు కాంట్రాక్టరు. ఎవరికీ తలవంచనని చెప్పుకునేవాణ్ని, ఆ రోజు తలూపాను. మీ అమ్మ పోయేదాకా మీ నాన్నను తిట్టింది. నేను పక్కనే కూర్చుని విన్నాను.

మూడో గదిలో ఎడమ పక్క, ఇప్పుడు పచ్చ లైటు వేసిన రాళ్ల కింద ఉన్నాడు మీ నాన్న. ఆదివారం పొద్దున్నే గుమ్మంలో కూర్చుంటాను. కారు రాకపోతే తప్పు పట్టను. అక్కడ అందరూ ఫొటోలు దిగుతారట. పిల్లల్ని మాత్రం ఆ రాళ్లు ఎక్కనివ్వకు.